బాతుపిల్లకి ఇద్దరమ్మలు

సనాబిస్,
శుక్రవారం

హిమజా,

ఏడాది తర్వాత అక్క మెయిల్ రాస్తోందని కంగారుపడకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం.

ఈ ఉదయం లహరి దోసె తింటూ టీవీలో పిల్లల బొమ్మల కార్యక్రమం చూస్తోంది. అందులో ఒక బాతుపిల్లకి ఇద్దరూ అమ్మలే, నాన్న లేడు. అది అర్థం కాగానే నా చెయ్యి రిమోట్ మీదికి పోయింది.

"ఆపకమ్మా! వాళ్ళమ్మలు దానికి ఈత నేర్పుతున్నారు," అంది.

"ఇద్దరమ్మలేంటే?" అన్నాను, గొంతు మామూలుగా ఉంచుకుంటూ.

"ఒకమ్మ ముందు ఈదుతుంది, ఇంకో అమ్మ వెనకాల. హిమజ పిన్నీ, ప్రణీత పిన్నీ కూడా అంతే కదా? నీ ఫోన్లో చూశా. బాబుని ఇద్దరూ ఎత్తుకున్నారు."

నువ్వా ఫొటో పంపినప్పుడు నేను జవాబివ్వలేదు. ఎవరికీ చూపించలేదు. ప్రణీత నీ రూమ్మేటనే అందరికీ చెబుతూ వచ్చాను. ఏడాదిగా నా నోటికి రాని మాటని ఐదేళ్ళ పిల్ల చట్నీ అద్దుకుంటూ అనేసింది. దాని మొహంలో వింత లేదు, బెరుకు లేదు. ఇది నా కడుపునే పుట్టిందా అని అలా చూస్తూ నిలబడిపోయాను.

మీ బావగారు విని, "ఏ బాబు?" అన్నారు. ఫొటో చూపించాను. చాలాసేపు చూసి, "నాకెందుకు చెప్పలేదు?" అన్నారు, అంతే.

సాయంత్రం వీడియో కాల్ చెయ్యనా? ప్రణీతని కూడా పక్కనే ఉండమను. లహరి తమ్ముడిని పేరు పెట్టి పిలుస్తానంటోంది. ఆ పేరేమిటో నేను ఇంతవరకూ నిన్ను అడగనేలేదు.

అక్క