మిరపకోతల ఆటో

అమ్మా,

మనింట్లో మొదట బడికెళ్లినదాన్ని వెహికల్ ఇన్‌స్పెక్టర్‌నయ్యాను. ఉద్యోగంలో చేరాక ఇదే మొదటి మిరపకోతల కాలం. ఇవాళ పొద్దున్నే సత్తెనపల్లి రోడ్డులో కూలీల ఆటో ఒకటి ఆపాం. డ్రైవరుకి అటూ ఇటూ ఇద్దరు, వెనక ఒకరి ఒళ్లో ఒకరు, చివర కాళ్లు బయటికి వేలాడేసుకుని ముగ్గురు. నువ్వూ గాలొస్తుందని చివరే కూర్చునేదానివి.

సగం మందిని దిగమన్నాను. తలకి తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దామె నా మీదికి లేచింది.

"దిగితే కూలెవరిస్తారమ్మా, మీ గవర్నమెంటోళ్లిస్తారా? మీ అమ్మ ఏనాడన్నా కోతకెళ్లుంటే తెలిసేది నీకు!"

నువ్వు ఇలాంటి ఆటో బోల్తాపడే పోయావని చెప్పబోయి ఆగాను. చెబితే ఇవాళ జాలిపడి దిగుతారు, రేపు మళ్లీ అలాగే ఎక్కుతారు. వాళ్లు కోతకెళ్లే చేను రైతుకి ఫోన్ చేసి, ఆలస్యమైనా కూలి తగ్గించనని ఆయన నోటితోనే వాళ్లకి చెప్పించాను. సగం మందితో ఆటో వెళ్లింది. మిగిలినవాళ్లు నా పక్కనే రోడ్డు వార కూర్చుని, ఆటో తిరిగొచ్చేదాకా నన్ను తిడుతూనే ఉన్నారు.

ఎక్కబోతూ పెద్దామె అడిగింది. "రేపు కూడా ఇక్కడే ఉండి చంపుతావా ఏంది?"

"ఉంటానండి."

"ఒసే, ఇంకో ఆటో మాట్లాడండే. ఈ పిల్ల వదిలేట్టు లేదు."

ఆ రోజు నీ ఆటోని ఎవరైనా ఆపి ఉంటే నువ్వూ ఇలాగే తిట్టేదానివి. రోజంతా తిట్టుకుంటూ కాయలు కోసి, సాయంత్రం ఇంటికొచ్చేదానివి.