బోర్డు మీద రెండు బిళ్ళలు

నా నజీరాకు,

ఫోన్లో చెబితే మధ్యలో అడ్డం పడతావని కాగితం మీద రాస్తున్నాను. ఓడలో నెట్ దొరికినప్పుడు ఫొటో తీసి పంపుతాను. నా చేతిరాత నీకు కొత్త కాదుగా, ఇద్దరం ఒకే స్టాఫ్ రూములో ముసలివాళ్ళమయ్యాం.

అంటార్కిటికా చేరాం. మాది చిన్న ఓడ, మన కాలేజీ వాళ్ళంతా ఎక్కితే నిండిపోతుంది. రబ్బరు పడవల్లో మంచు మీదకు దింపుతారు. పరాయి విత్తనం ఒక్కటి కూడా అక్కడ పడకూడదని ముందుగా మన జేబులూ బూట్లూ వాక్యూమ్‌తో దులుపుతారు. మా ఆయన మాలకొండయ్య గారి ప్యాంటు జేబులోంచి మిరపగింజలు వచ్చాయి. మిర్చి యార్డులో కాయ తుంచి చూసి జేబులో వేసుకునే అలవాటు ఇంత దూరం వచ్చిందన్నమాట. దులిపే అమ్మాయికి తుమ్మి తుమ్మి కళ్ళు ఎర్రబడ్డాయి. ఈయన మాత్రం "తేజా రకం మరి, ఊరికేనా" అని మురిసిపోయారు.

ఓడ తలుపు దగ్గర ఒక బోర్డు ఉంది. మనిషికో నెంబరు బిళ్ళ. దిగేటప్పుడు ఎర్రవైపుకి, తిరిగొచ్చాక తెల్లవైపుకి తిప్పాలి. తెల్లగా ఉంటే మనిషి ఓడలో ఉన్నట్టు. ఎవరిది వాళ్ళే తిప్పాలని మొదటిరోజే గట్టిగా చెప్పారు. ఈయన నా వైపు తిరిగి "లతా, నాదీ నువ్వే తిప్పెయ్" అన్నారు. బ్రష్ మీద పేస్టు వేసేది నేను, బీపీ మాత్ర అరచేతిలో పెట్టేది నేను, ఈ బిళ్ళొక లెక్కా అనుకున్నాను.

అసలు సంగతి ఇది. నిన్న భోజనాల దగ్గర పక్కావిడ, మీ భార్య ఏం చేస్తారని ఈయన్ని అడిగింది. "ఇంట్లోనే ఉంటుంది" అన్నారు. జీవితమంతా బోటనీ చెప్పినదాన్ని, నజీరా. కావాలని అన్న మాట కాదు, ఆయనకి నిజంగానే గుర్తు రాలేదు. అందుకే ఇంత బాధ.

నేనిక గుంటూరు ఇంటికి రాను. చీరాలలో మా పిన్ని నాకిచ్చిన రెండు గదులకీ సున్నం వేయించు. తాళం మార్పించు, తాళంచెవి ఒకటే చాలు. రేపు మంచు మీద ఆయనతో చెప్పేస్తాను. పెంగ్విన్లు బెదురుతాయని అక్కడ ఎవరూ అరవకూడదట. అది నాకు కలిసొచ్చింది.

నీ
మాధవీలత


నజీరా, నా బంగారూ,

నిన్న నేను ఈయన్ని చంపేసేదాన్ని.

ఒడ్డు మీద పాతకాలం వేటగాళ్ళ చెక్కగది ఒకటుంది. గాలి కొట్టకుండా దాని వెనక కూర్చున్నాం. "నేను చీరాల వెళ్ళిపోతున్నానండీ. ఇక మీతో ఉండను" అన్నాను. ఆయన "మరి నా మాత్రలు ఎవరిస్తారు?" అన్నారు. ఒళ్ళు మండి లేచి వచ్చేశాను. అప్పటికే మంచు కురవడం మొదలై అందరినీ పడవల్లోకి తొందరపెడుతున్నారు. వెనక పడవలో వస్తారులే అనుకున్నాను.

ఓడలో సూపు తెచ్చి రెండు గిన్నెలు పెట్టి, ఆయన గిన్నెలో మిరియాల పొడి చల్లుతున్నాను. ఎదురుగా కుర్చీ ఖాళీ. అలిగారేమోనని గదిలో చూశాను, లేరు. డెక్ మీదా లేరు. కాళ్ళ కింద నేల అదరడం మొదలైంది. ఇంజను వేశారు. అప్పుడు గుర్తొచ్చింది, లోపలికి వస్తూ నా బిళ్ళ తిప్పి, పక్కనున్న ఆయనదీ తిప్పేశాను. అంత కోపంలోనూ నా చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

"మా ఆయన ఒడ్డునే ఉన్నాడు, ఆపండి" అని తెలుగులోనే అరిచాను. మాట అర్థం కాకపోయినా నా మొహం అర్థమైంది వాళ్ళకి. బయట తెల్లగా తప్ప ఏమీ కనపడలేదు. ఆ తెలుపులోకి పడవ వెళ్ళింది. నేను బోర్డు పట్టుకుని నిలబడ్డాను. ఏ దేవుడికి మొక్కానో కూడా గుర్తు లేదు.

తెచ్చారు. కనుబొమల మీద మంచు కట్టి, పెదవులు నల్లబడి ఉన్నాయి. బిళ్ళ ఎలా తిరిగిందని గైడు అడిగింది. నేను నోరు విప్పేలోపే ఈయన "మై మిస్టేక్" అన్నారు. తనది తను తిప్పుకోవాల్సిందని, భార్య పని కాదని, వచ్చిన ఇంగ్లీషులో చెప్పారు.

గదిలో దుప్పట్లు కప్పుతుంటే అన్నారు, "ఓడ కూత వినపడింది లతా. నువ్వు చెప్పే వెళ్ళావు కదా, ఇదే కాబోలు అనుకున్నా."

అంటే నేను కావాలనే వదిలేశానని నమ్మారు, నజీరా. నమ్మి, అక్కడే కూర్చున్నారు. ఒక్క కేక వెయ్యలేదా అంటే, "అరవొద్దన్నారుగా" అన్నారు. నేను ఏడ్చాను. బిళ్ళ తిప్పిన చెయ్యీ ఇదే, రెండో గిన్నె పెట్టిన చెయ్యీ ఇదే. ఈ చేతిని ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు.

ఈరోజు మళ్ళీ దిగాం. తిరిగొచ్చాక ఆయన బోర్డు ముందు నిలబడిపోయారు. "నా నెంబరెంత?" అన్నారు. ఇన్నాళ్ళూ ఆయనకి తన నెంబరే తెలియదు. నేను పలకలేదు. వెనక మనుషులు ఆగిపోయారు. ఆయన లైఫ్ జాకెట్ మీదే రాసి ఉందని ఎవరో చూపించారు. కళ్ళజోడు తుడుచుకుని, వెతికి, తిప్పుకున్నారు. పక్కనే నాది ఎర్రగా ఉంది. దానిదాకా ఆయన చెయ్యి వెళ్ళింది. మళ్ళీ వెనక్కి తీసుకున్నారు.

"అది నీది కదా" అన్నారు.

చీరాల వెళ్ళడం మానలేదు. సున్నం వేయించు. తాళంచెవులు మాత్రం రెండు చేయించు. రెండోది నీ దగ్గరే ఉంచు. ఆయన తనంతట తాను వచ్చి అడిగితే ఇవ్వు. నేను చెప్పానని మాత్రం చెప్పకు.

నీ
లత