నిన్ను ఊరు చేర్చిన ట్రస్టు

బాపూ,

రేపు నీ సంవత్సరీకం. సూరత్ నుంచి నీ శరీరాన్ని ఉచితంగా ఊరు చేర్చిన ట్రస్టుకు, ఇక్కడి బమ్రోలి పేటలో నీతో మగ్గాలు నడిపినవాళ్లు చందా ఇద్దామనుకున్నారు. పన్ను మినహాయింపు రసీదు ఇస్తే తానూ పెద్ద మొత్తం ఇస్తానని మగ్గాల యజమాని సేఠ్ అన్నాడు. ఆదాయపు పన్ను వెబ్‌సైట్‌లో వెతికాను. ఆ రసీదు ఇవ్వడానికి ట్రస్టుకు ఉండాల్సిన 80జి అనుమతి గడువు ఎప్పుడో తీరిపోయింది.

"గిట్లైతే సేఠ్ ఇయ్యడు కాకా. మనం గూడ ఆగుదామా?" అని నీ పక్క మగ్గం మల్లేశం కాకను అడిగాను.

"ట్యాక్సే కట్టనోళ్లకు ఆ రసీదెందుకు బిడ్డా? బాపును ఊరికి కొంటవోయిననాడు వాళ్లు ఆగిన్రా?"

ఆగలేదు. దారిలో టీకి కూడా ఆగలేదు.

మా చందా ఇచ్చేశాం. రేపు ఇక్కడే, సూరత్‌లోనే నీకు అన్నం పెట్టగానే ట్రస్టు ఆఫీసుకు వెళ్తాను. కామర్స్ చదువుతున్నాను కదా, 80జి దరఖాస్తు నేనే నింపుతాను. రసీదు చేతికొచ్చేదాకా సేఠ్‌ను మాట మార్చనివ్వను.