సర్టిఫికెట్ చూసి పెట్టిన మాస్టారు

1996 జూలై 8
మా అమ్మాయి రజనికి పన్నెండో తరగతి మొదలైంది. ఫిజిక్స్‌లో పోయినేడే అత్తెసరు మార్కులు. మార్చిలో బోర్డు పరీక్ష తప్పితే నర్సింగ్ ఫారం నింపడానికి కూడా వీలుండదు. దానికి ఆ ఉద్యోగం తప్ప వేరే ధ్యాస లేదు. ట్యూషన్ మాస్టారు కావాలి. నిజంగా చదువుకున్నవాడు కావాలి. ఈ హిందీ ఊళ్లో చదువు లేని మాస్టర్లకి కరువు లేదు.

జూలై 11, సాయంత్రం 5
నెహ్రూ నగర్‌లో ఒకణ్ణి చూశాం. ఒక్క గదిలో నలభై మంది. వెనక వరస సమోసాలు తింటోంది. ఏం చదివావు బాబూ అని అడిగాను. బయట సైకిళ్లు చూసుకోండి అంకుల్, అదే నా డిగ్రీ, అన్నాడు. వచ్చేశాం.

జూలై 14
నందిని అనే పక్క ఊరి నుంచి సాహు అనేవాడు వచ్చాడు. రజని స్నేహితురాలు పంపిందట. ఉత్త బీఎస్సీ. హవాయి చెప్పులు. గచ్చు మీద చతికిలబడి, బాల్టీ తెమ్మని, బకెట్ నీళ్లలో గరిటె వాల్చి, అది వంగినట్టు ఎందుకు కనిపిస్తుందో హిందీలో చెప్పుకుపోయాడు. రజని నవ్వింది. వంటింటి సామాను పట్టుకుని చెప్పేది సైన్సా? రేపటి నుంచి రావద్దన్నాను. ఠీక్ హై బాబూజీ, అన్నాడు. గరిటె తుడిచి ఇచ్చి మరీ వెళ్లాడు.

జూలై 21
మనవాడు దొరికాడు. సత్యమూర్తి, విజయనగరం. ఎమ్మెస్సీ ఫిజిక్స్. జాముల్‌లో అన్నగారింట్లో ఉంటున్నాడు. సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చాడు. ముద్రని వేలితో తడిమి చూశాను. ఏటి బాబూ, రామతీర్థం దగ్గిరేనా మీది, అంటూ మా ఆవిడ రెండోసారి కాఫీ పోసింది. హిందీలో చెప్తారా నాన్నా, అని రజని గొణిగింది. సైన్సుకి భాషేటే, అన్నాను.

ఆగస్టు 19
ఫస్ట్ షిఫ్ట్ నుంచి వచ్చి వరండాలో కూర్చుని విన్నాను. కొంత ఇంగ్లీషు, కొంత అచ్చమైన పుస్తకాల తెలుగు. వక్రీభవనం, విద్యుదయస్కాంత ప్రేరణ. ఇరవై మూడేళ్లు స్టీలు ప్లాంటు కోక్ ఓవెన్స్‌లో కాలినవాడికి ఆ మాటలు చల్లగా ఉన్నాయి. ఒక్కటీ అర్థం కాలేదు. రజని తలాడిస్తోంది.

అక్టోబర్ 2
పక్క క్వార్టర్ త్రినాథరావు తన కొడుకుని సాహు దగ్గర పెట్టాడట. ఆడు బాగా చెప్తన్నాడన్నియ్యా, పిల్లని ఒకపాలి పంపించి సూడు, అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. త్రినాథరావుకి గరిటెకీ చదువుకీ తేడా తెలీదు.

డిసెంబర్ 20
హాఫ్ ఇయర్లీ. ఫిజిక్స్‌లో డెబ్బై అయిదుకి పదకొండు.

డిసెంబర్ 21, ఉదయం 6
ట్యూషన్ నోటుబుక్ తీశాను. అన్నీ హిందీ అక్షరాలే. వక్రీభవనం అన్న మాట కూడా హిందీ అక్షరాల్లోనే రాసుకుంది. పక్కన ప్రశ్నార్థకం. పేజీకి అలాంటివి పది.
అడిగాను. స్కూల్లో అంతా హిందీయే గదా నాన్నా, సర్ తెలుగు మనింట్లో తెలుగు కాదు, అంది. బాల్టీ సర్ చెప్పిందొక్కటే సమఝ్ అయ్యింది, అంది.
మరి ఐదు నెలలూ తలెందుకు ఆడించావే, అన్నాను.
నువ్వు వరండాల కూకునీవోడివి గదా, అంది.

డిసెంబర్ 22
సత్యమూర్తిని మానిపించాను. మీ అమ్మాయికి బేసిక్స్ లేవండీ, అన్నాడు. ఆ ప్లాస్టిక్ కవరు ఇంకో ఇంటికి పట్టుకెళ్తాడు. ముద్ర తడిమే వెధవలు సెక్టార్‌కి వంద మంది ఉన్నారు. ఒకడి పేరు నాకు తెలుసు.

డిసెంబర్ 29
నందిని వెళ్లాను. సాహు కూర్చోమనలేదు. ఖాళీ లేదన్నాడు. నిలబడే ఉన్నాను. చివరికి, ఆరో తేదీ సోమవారం వస్తాను, బాల్టీ పాతదేనా బాబూజీ, అన్నాడు. ఎగతాళో కాదో తెలీలేదు. ఎగతాళే అయి ఉంటుంది. నేనైతే అదే చేసేవాణ్ణి.

1997 జనవరి 6, సాయంత్రం 4
బకెట్ నేనే నింపాను. గరిటె పక్కన పెట్టాను. వరండా వదిలి వీధిలోకి వచ్చి, గోడ మీద డైరీ పెట్టుకుని ఇది రాస్తున్నాను.
లోపల రజని అర్థం కాలేదంటోంది, నహీ సమఝీ సర్, అని. గట్టిగా.