నాన్న విప్పిన వాక్యం

చెల్లీ,

నువ్వు ఫోన్లో ఇంగ్లీషు నేర్పడం మొదలుపెట్టాక నాన్న మా ప్రాణాలు తోడేస్తున్నాడు. నౌన్, వెర్బ్, ప్రిపొజిషన్ అన్నీ నోటికొచ్చాయి. ఒక్క ముక్క మాట్లాడటం మాత్రం రాలేదు. గడియారాలు బాగుచేసే మనిషి కదా, ఏదైనా ముందు విప్పాల్సిందే.

మొన్న షాపుకి ఒక విదేశీ పెద్దావిడ వచ్చి, వాచీ ఆగిపోయిందని ఇంగ్లీషులో చెప్పింది. నాన్న కంటికి భూతద్దం తగిలించుకుని, ఆవిడ మాటల్ని ఒక్కొక్కటే కాగితం మీద రాసి, ఏది నౌనో ఏది వెర్బో కింద గుర్తు పెట్టాడు. పరువు పోయిందనుకున్నాను. ఆవిడేమో పగలబడి నవ్వింది. రిటైరైన ఇంగ్లీషు టీచరట.

వాచీ ఆ పూటే బాగైంది. అయినా ఆవిడ రోజూ కొత్త వాక్యం పట్టుకుని వస్తోంది. ఇద్దరూ కౌంటర్ మీదకు వంగి దాన్ని విప్పుకుంటూ కూర్చుంటున్నారు. అమ్మ మధ్యాహ్నం నిద్ర మానేసి షాపులోనే కాపలా కాస్తోంది.

ఇప్పుడు అమ్మకూ ఇంగ్లీషు కావాలట. "ఆ నౌన్లూ గీన్లూ నాకొద్దు, తిన్నగా మాటలే చెప్పమను" అంది. నాకు రాదని తప్పించుకున్నాను, నువ్వే చెప్పాలి. మొదటి పాఠం కూడా తనే ఎంచుకుంది.

"షాపు మూసేశాం, ఇక రాకండి" అని ఇంగ్లీషులో ఎలా అంటారు?

నీ అక్క