ప్రమీలమ్మ ముఖం మీది హక్కులు

రాయచోటి బజారు వీధిలో బట్టల అంగడి నడుపుకునే నేను, కీర్తిశేషులు గోపన్న శెట్టి కుమారుడు నాగసుబ్బయ్య శెట్టి, వయసు డెబ్బై ఒకటి, స్వహస్తంతో రాసుకుంటున్న వీలునామా. గుండె బలహీనపడిందని డాక్టరు చెప్పాడు గానీ బుర్ర గురించి ఏమీ అనలేదు. నా మతి స్థిరంగా ఉంది. ఎవరి ఒత్తిడీ నా మీద లేదు. ఈ ఇంట్లో నన్ను ఒత్తిడి చేయగలిగిన మనిషి ఒక్కతే ఉండేది, ఆమె పోయిన ఏడు పోయింది. ఆస్తి పంచడానికే అయితే నేను ఈ కాగితం రాసేవాణ్ణి కాదు, దానికి చట్టం ఉంది. నా భార్య ప్రమీలమ్మ ఫోటో ఒకటి ఇంటర్నెట్టులో ఉంది. అది అక్కణ్ణుంచి పోవాలి. అందుకు రాస్తున్నాను.

1. అంగడి, అందులోని సరుకు, మంచి పేరు నా కుమారుడు ధనుంజయకు చెందాలి. చీర విప్పి చూపిస్తూ సెల్‌ఫోను చూసే అలవాటు అతను మానుకోవాలి. ఇది షరతు కాదు, సలహా.

2. నేనుంటున్న మిద్దె ధనుంజయకు, నా కుమార్తె సుచరితకు చెరిసగం. సుచరిత భాగానికి ఏ షరతూ లేదు. మొగుడు చేసిన పనికి ఆమెను శిక్షించను.

3. మదనపల్లె రోడ్డులోని ఖాళీ స్థలం నా అల్లుడు ప్రదీప్‌కుమార్‌కు ఇస్తానని, అతను కంప్యూటర్ సెంటరు పెట్టుకుంటానన్నప్పుడు మాట ఇచ్చాను. మాట తప్పను. కానీ పై ఫోటో ఇంటర్నెట్టులో లేదని నా మనవరాలు హరిత, అంటే ధనుంజయ కూతురు, రాసి సంతకం పెట్టిన తరువాతే ఆ స్థలం అతనికి దక్కాలి. అంతవరకు హరిత ఆధీనంలో ఉండాలి. ఇది షరతు. ఎందుకు పెట్టానో కూడా రాస్తున్నాను, రేపు అతను నన్ను చాదస్తపు ముసలివాడని చెప్పుకోకుండా.

సుచరిత పుట్టిన తరువాత ప్రమీలమ్మకు పెదవుల చుట్టూ, గడ్డం మీద బొల్లి మచ్చలు వచ్చాయి. అది అంటుకునే రోగం కాదని కడపలో పెద్ద డాక్టరు చెప్పినా ఆమె అప్పటినుంచి నోటికి కొంగు అడ్డం పెట్టుకునే బతికింది. కూతురి పెళ్ళి ఆల్బంలో ఆమెది అక్షింతలు వేస్తున్న చేయి ఒక్కటే ఉంది. రెండు వేల ఆరులో ధనుంజయ ఇంటికి కంప్యూటరు తెచ్చాడు, హరితకు డిజిటల్ కెమెరా కొనిచ్చాడు. ఆ ఎండాకాలం మిద్దె మీద ఒడియాలు పెడుతుంటే పిల్ల ఏదో అన్నది, ప్రమీలమ్మ నవ్వింది. రెండు చేతులకూ పిండి ఉంది, కొంగు జారింది. హరిత ఫోటో తీసింది.

చెరిపేయమని ఆమె గొడవ చేసింది. ఒక్కసారి చూసి చెప్పవ్వా అని పిల్ల కంప్యూటరులో పెద్దది చేసి చూపించింది. ప్రమీలమ్మ చాలాసేపు చూసి, "నేను నవ్వితే ఇట్లుంటానా?" అని అడిగింది. తరువాత, "పెట్టెలోనే ఉంటాది గదమ్మా, బయటికి పోదు గదా?" అన్నది. పోదని హరిత మాట ఇచ్చింది. అప్పటినుంచి మధ్యాహ్నం అన్నాలయ్యాక కంప్యూటరు పెట్టమని తానే అడిగేది. ఆ ఎండాకాలమంతా నా ఇల్లు సంతోషంగా ఉంది.

దసరాకు అల్లుడు వచ్చాడు. కంప్యూటరుకు వైరస్ పట్టిందన్నాడు, విండోస్ తీసేసి లినక్స్ వేస్తే అన్నీ సర్దుకుంటాయన్నాడు. అతనికి అడ్డు చెప్పేంత చదువు ఇంట్లో ఎవరికీ లేదు. కొత్తది వేయాలంటే లోపలున్నదంతా తుడిచేయాలి, ఫోటోలు ముందు వేరేచోట దాచాలి. ఎదురంగట్లో సీడీలు అమ్ముతారు. వీధి దాటడానికి బద్ధకమేసి, ఇంటర్నెట్టులో ఆల్బం తెరిచి అన్నిటినీ అందులోకి ఎక్కించాడు. ఎవరైనా చూసేట్టు తలుపు బార్లా తెరిచి పెట్టాడు. అంతటితో ఆగక, పండగ ఫోటోలు చూసుకోండని బంధువులందరికీ దాని అడ్రసు పంపాడు. ఆల్బం పాస్‌వర్డు పాత సిస్టమే గుర్తుపెట్టుకునేదట, దాంతోపాటే అదీ తుడిచిపెట్టుకుపోయింది. ఏ లినక్స్ కోసం ఇంత చేశాడో దాన్ని ఉగాదికల్లా తీసేసి మళ్ళీ విండోస్ వేశాడు. అందులో పాటలు వినపడలేదట. నాకు అసహ్యం వేసింది, ఇప్పటికీ వేస్తోంది.

బనగానపల్లెలో హరితకు దాదాపు కుదిరిన సంబంధం వాళ్ళు కూడా ఆ ఫోటో చూశారు. ఇంట్లో ఆ మచ్చలున్న సంగతి ముందే చెప్పాల్సిందని మధ్యవర్తితో కబురు పెట్టి తప్పుకున్నారు. ఫోటో కింద ఎవడో బాగుందని రాశాడు. ఇంకెవడో మా దగ్గర మందుంది, గ్యారంటీగా నయం చేస్తామని ఫోను నంబరు పెట్టాడు. మా పెద్ద మామ కొడుకు జాలిపడుతూ నాలుగు వాక్యాలు రాశాడు. మా ఇంటికొచ్చి తిని పోయేటప్పుడు వాడికి ఆ జాలి ఎన్నడూ కలగలేదు. ఛీ.

ప్రమీలమ్మ ఎవరినీ తిట్టలేదు. ఏడుస్తున్న హరితను దగ్గరకు తీసుకుని, "నువ్వేం జేస్తావులేమ్మా" అన్నది. మిద్దె ఎక్కడం మానేసింది. తరువాత నేను అన్నం తింటూ తలెత్తి చూస్తే, నా ఎదురుగా కూడా నోటికి కొంగు పెట్టుకుని కూర్చుని ఉంది. అన్నేళ్ళు కాపురం చేసిన నా ఎదురుగా. ఆ రోజు పడ్డ బాధ నేనింతవరకు ఎవరికీ చెప్పలేదు. పోయేదాకా ఆ కొంగు మళ్ళీ దిగలేదు.

ఫోటో తీసేయమని ఆ ఆల్బం కంపెనీకి అల్లుడిచేతనే రాయించాను. ఆల్బం సొంతదారు గానీ ఫోటోలోని మనిషి గానీ అడగాలని, పాస్‌వర్డు లేదు కాబట్టి ఆ మనిషి తన ముఖం స్పష్టంగా కనపడే గుర్తింపు కార్డు పంపాలని జవాబు వచ్చింది. ముఖం తీసేయమంటే ఇంకో ముఖం పంపమంటారు. ఆమె పంపనన్నది. పోయిన తరువాత రాస్తే, వారసులెవరో కాగితం చూపమన్నారు. నేను పంపిన కాగితాలకు ఇంతవరకు బదులు లేదు. నా గుండె అంతకాలం కొట్టుకుంటుందన్న నమ్మకం నాకు లేదు.

4. కాబట్టి పై ఫోటో మీద, అందులోని ముఖం మీద భర్తగా నాకున్న సర్వహక్కులూ హరితకు రాసి ఇస్తున్నాను. కంపెనీకి చూపాల్సిన కాగితం ఇదే. ముఖం ఆస్తి కిందికి రాదు శెట్టిగారూ అని వకీలు నవ్వాడు. ఆస్తి కానిదాన్ని ఊరంతా ఎట్లా పంచుకున్నారని అడిగాను.

5. ప్రమీలమ్మ కాసులపేరు హరితకు చెందాలి. పెళ్ళి కోసమని కాదు. పెళ్ళి చేసుకున్నా మానుకున్నా అది ఆమెదే. కెమెరా బీరువాలో పెట్టి తాళం వేసింది, అది బయటికి తీయాలని నా కోరిక. పిల్ల తప్పేమీ లేదు.

6. కంప్యూటరు అల్లుడికి. మానిటరు, మౌసు, వైర్లు సహా తీసుకుపోవాలి. దాన్ని నా ఇంట్లో ఉంచవద్దు.

7. ప్రమీలమ్మ కుట్టు మిషను పక్కింటి కృపమణిగారికి ఇవ్వాలనుకున్నాను. ఆమె చర్చి బడిలో టీచరుగా చేసి రిటైరయ్యారు. ప్రమీలమ్మ కొంగు దించి మాట్లాడిన బయటి మనిషి ఆమె ఒక్కరే. సాక్షి సంతకం చేసేవారికి ఏమీ రాసిపెట్టకూడదని వకీలు అన్నాడు. నాకు ఆమె సాక్ష్యమే కావాలి. అందువల్ల మిషను నేను బతికుండగానే, రేపు పొద్దున, ఆమె ఇంటికి పంపిస్తున్నాను.

8. ఈ వీలునామా అమలు బాధ్యత ధనుంజయది. నా అంత్యక్రియలు మన కులాచారం ప్రకారం సాదాగా జరగాలి. నన్ను కూర్చోబెట్టి ఫోటోలు తీయవద్దు. ఈ కాగితం చదివేలోపే తీసి ఉంటే ఎక్కడా పెట్టవద్దు.

9. ఆ ఫోటో కాగితం మీద ఒక్కటే ఉంది. హరిత ఇంటర్నెట్టునుంచి దించి స్టూడియోలో వేయించి తెచ్చింది. గల్లాపెట్టె అడుగున, పట్టుగుడ్డలో చుట్టి ఉంది. దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించవద్దు. నన్ను చితి మీద పెట్టినప్పుడు నా రొమ్ము మీద పెట్టండి. బొమ్మ ఉన్న వైపు నాకు ఉండాలి, వెనకవైపు జనానికి.

రాయచోటి, 2008వ సంవత్సరం ఆగస్టు నెల 18వ తేదీ, సోమవారం. రాసింది రెండుసార్లు చదువుకుని, ఒక్క మాట కూడా కొట్టివేయకుండా సంతకం చేశాను.

(సంతకం) గో. నాగసుబ్బయ్య శెట్టి

సాక్షులు, నేను వారి ఎదుట సంతకం చేయగా, నా ఎదుట సంతకం చేసినవారు:
1. కంబన్న, పాత్రల అంగడి, బజారు వీధి, రాయచోటి
2. కృపమణి, రిటైర్డ్ టీచరు, పక్కిల్లు