తెలియదన్న మాట

తొకామచి,
డిసెంబరు 3.

హొనోకా నాన్నగారికి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ పిల్లా కులాసాగానే ఉన్నాం. మూడు రోజులుగా మంచు ఒకటే కురుస్తోంది. ఇంటికప్పు మీది మంచు పక్కింటి ఇవాఫుచి గారు తోసి పెట్టారు, దానికోసం మీరు సెలవు పెట్టనక్కర్లేదు. ఫుకుఓకాలో వంట మీరే చేసుకుంటున్నారనీ, మిసో పులుసు రుచి రావడం లేదనీ రాశారు. మిసో ముద్ద కలిపాక మరగనివ్వకండి, అంతే. ఇన్నేళ్లూ వంటింటి గుమ్మం తొక్కని మనిషికి ఆ మాత్రం కుదరడమే గొప్ప.

హొనోకా పరీక్షలు బాగానే రాసింది. మీరు పంపిన ఎర్ర మఫ్లర్ మెడలోంచి తీయడం లేదు.

ఇక అత్తయ్యగారి సంగతి. "ఫోన్లో నా చిన్నప్పటి స్నేహితుల పేర్లన్నీ చెప్పింది. అలాంటి అమ్మకి జ్ఞాపకశక్తి పరీక్షలో అంత తక్కువ మార్కులెలా వచ్చాయి?" అని అడిగారు. ఇదే ప్రశ్న ఫోన్లో అడిగినప్పుడు మాట దాటేశాను. మీ గొంతు వినపడుతుంటే చెప్పలేను, అందుకే రాస్తున్నాను.

తుంటి విరిగి ఆస్పత్రి నుంచి వచ్చాక ఆవిడకి మతిమరుపు వచ్చిన మాట నిజం. రెండుసార్లు పొయ్యి ఆర్పడం మరిచిపోయారు. ఊరగాయల దుకాణంలో పని చేస్తున్నంతసేపూ నా గుండె ఇంటి దగ్గరే కొట్టుకునేది. సంరక్షణ గృహానికి దరఖాస్తు పెట్టింది అందుకే. ఆవిడ జ్ఞాపకశక్తి ఎలా ఉందో చూడడానికి ఒకమ్మాయి మనింటికొచ్చింది. ఇరవై మూడో, ఇరవై నాలుగో ఉంటాయి. బొమ్మల కార్డులు చూపించి పేర్లడిగింది. గడియారం, కత్తెర, గొడుగు. అత్తయ్యగారు టకటకా చెప్పేశారు. తర్వాత హ్యాంగర్ బొమ్మ చూపించింది.

"ఎమొన్‌కకె," అన్నారు అత్తయ్యగారు.

"ఏంటి బామ్మగారూ?"

"ఎమొన్‌కకె. నలభై ఏళ్లు కిమోనోలు కుట్టినదాన్నమ్మా, నాకు తెలియదా?"

నేను కోడలిగా వచ్చిన కొత్తలో దాన్ని హ్యాంగర్ అన్నానని ఆవిడ నన్ను ఎలా దులిపేశారో మీకు గుర్తుందా? "కోట్లు తొడుక్కునే వాళ్లింట్లో అది హ్యాంగరమ్మా. బట్టలు కుట్టి బతికే మనింట్లో ఎమొన్‌కకె," అన్నారు. పంతొమ్మిదేళ్లుగా నేనూ ఆ మాటే అంటున్నాను. ఈ కాలం పిల్లలకు అది తెలియదు. ఆ అమ్మాయి కలం పట్టుకుని నావైపు తిరిగింది.

"అలాంటి మాట ఉందాండీ?"

ఉందండీ, పాతకాలం మాట. నేను చెప్పాల్సింది ఇంతే.

"నాకు తెలియదండీ," అన్నాను.

అలసిపోయి అలా అన్నానని రాస్తే సగమే నిజం. ఆ ఒక్క క్షణం నాకు హాయిగా కూడా అనిపించింది. నన్ను ఇన్నేళ్లు దిద్దిన మనిషిని నేనొక్కసారి తప్పని తేల్చాను. నాకు నా మీదే అసహ్యం వేస్తోంది.

అత్తయ్యగారు నన్ను చూశారు. కోపం లేదు. ఆ అమ్మాయితో, "మా కోడలికి తెలియదంటే అలాంటి మాట లేదన్నమాట. నేనే పొరబడ్డాను," అన్నారు. ఆ తర్వాత ఏ కార్డు చూపించినా "తెలియదమ్మా" అనే అన్నారు. కొప్పులో దువ్వెన పెట్టుకుని, దువ్వెన బొమ్మ చూసి కూడా తెలియదన్నారు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను.

ఆ తక్కువ మార్కుల వల్లే సంరక్షణ గృహంలో చోటు దొరికింది.

మొన్న ఆదివారం చూడడానికి వెళ్లాను. నర్సు భోజనం తెస్తే ఆవిడ అన్నం గిన్నె చూపించి, "దీన్ని ఇక్కడ మీరేమంటారమ్మా?" అని అడిగారు. చెప్పాకే చేతిలోకి తీసుకున్నారు. బల్ల మీది ప్రతి వస్తువుకీ ముందు పేరడుగుతారట. మనందరి మాటలూ దిద్దిన మనిషి! "పాపం, గిన్నె పేరు కూడా మరిచిపోయారు," అంది నర్సు. "మరిచిపోలేదండీ," అన్నాను. ఆమె జాలిగా నా భుజం తట్టింది.

ఈ ఉత్తరంతో ఒక దరఖాస్తు పంపుతున్నాను. మళ్లీ పరీక్ష పెట్టమని అడిగేది. కొడుకుగా మీ పేరు ముద్ర కావాలట. నా మీద ఎంత కోపమైనా తెచ్చుకోండి, ముందు ముద్ర వేసి పంపండి. ఆవిణ్ణి ఇంటికి తెచ్చుకుందాం. దుకాణంలో పని సగం పూటకి మార్చమని అడిగాను.

మళ్లీ పరీక్ష ఉంటుందని అత్తయ్యగారికి కూడా చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"అలాగేనమ్మా, చిజురూ. మరి ఈసారి నన్నేం చెప్పమంటావు?" అన్నారు.

అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. ఉంటే బాగుండేది.

ఇట్లు,
మీ అమ్మగారి కోడలు,
చిజురు